మహావిస్ఫోటం ఎక్కడ జరిగింది?

బిగ్ బ్యాంగ్‌కి తెలుగులో మనం పెట్టుకున్న పేరు 'మహావిస్ఫోటం'. పుస్తకాల్లో, పత్రికల్లో, వీడియోల్లో అదే మాట. వినగానే కళ్ళముందు మెదిలే బొమ్మ కూడా అందరికీ ఇంచుమించు ఒకటే. చుట్టూ చిమ్మచీకటి, అంతా ఖాళీ. మధ్యలో ఒక చుక్క. అది ఫెళ్ళున పగిలింది, నిప్పుకణికలు నలుదిక్కులా ఎగిరాయి, అవే చల్లారి నక్షత్రాలూ గెలాక్సీలూ అయ్యాయి. ఆ బొమ్మ మనసులో ఉన్నంతకాలం కొన్ని ప్రశ్నలు వదిలిపెట్టవు. ఆ చుక్క ఎక్కడ ఉండేది? ఇప్పుడు అటువైపు వేలు పెట్టి చూపించగలమా? చుట్టూ ఉన్న ఆ ఖాళీ ఎంత పెద్దది?

ఇలా అడిగేవాళ్ళ తప్పేమీ లేదు. తప్పంతా పేరుది. ఈ సిద్ధాంతంలో పేలుడు లేదు, మధ్యలో చుక్క లేదు, చుట్టూ ఖాళీ అసలే లేదు. ఆ పేరు పెట్టింది కూడా దీన్ని నమ్మినవాళ్ళు కాదు. 1949 మార్చిలో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ బీబీసీ రేడియో ప్రసంగంలో, తాను ఒప్పుకోని వాదాన్ని వర్ణించడానికి 'బిగ్ బ్యాంగ్' అన్నాడు. విశ్వానికి మొదలంటూ లేదు, అది ఎప్పుడూ ఇలాగే ఉంది అనేది ఆయన పక్షం. అవతలి పక్షంవాడు వాడిన మాటే చివరికి అసలు పేరుగా నిలిచిపోయింది. దాన్ని మనం తెలుగులోకి తెచ్చుకుని, పేలుడు అనే అర్థాన్ని ఇంకాస్త గట్టిపరిచాం.

కాబట్టి ముందు ఆ బొమ్మను చెరిపేద్దాం. మనుషులు నిజంగా ఏం కొలిచారో అక్కడి నుంచి మొదలుపెడదాం.

గాజు పలకల మీద గీతలు

1912లో అమెరికాలోని లోవెల్ అబ్జర్వేటరీలో వెస్టో స్లైఫర్ అనే ఆయన ఆకాశంలో ఆండ్రోమెడా అనే మసక మచ్చ నుంచి వచ్చే వెలుగును రంగులుగా విడదీసి ఫొటో తీశాడు. వెలుగు ఎంత బలహీనమంటే, ఒక్క ఫొటో కోసం ప్లేటును గంటల తరబడి ఆకాశం వైపు పెట్టి ఉంచాల్సి వచ్చేది. ఆ వర్ణపటంలో సన్నటి గీతలు కనిపిస్తాయి. ఏ మూలకం గీత ఎక్కడ ఉండాలో ముందే తెలుసు కాబట్టి, అది పక్కకు జరిగిందేమో చూడవచ్చు. నీలం వైపు జరిగితే ఆ వస్తువు మనకు దగ్గరవుతున్నట్టు, ఎరుపు వైపు జరిగితే దూరమవుతున్నట్టు. ఆండ్రోమెడా సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో మనవైపే వస్తోందని తేలింది. కానీ 1917 నాటికి ఆయన కొలిచిన 25 మసక మచ్చల్లో 21 ఎరుపు వైపు జరిగి ఉన్నాయి. అవి గెలాక్సీలన్న సంగతి కూడా అప్పటికి ఖాయంగా ఎవరికీ తెలియదు. మన పాలపుంతలోనే ఉన్న మబ్బులని చాలామంది అనుకునేవారు.

అవి ఎంత దూరంలో ఉన్నాయో తేల్చడానికి కొలబద్ద ఇచ్చింది హెన్రియెటా లీవిట్. హార్వర్డ్ అబ్జర్వేటరీలో ఫొటో ప్లేట్లు పరిశీలించడం ఆమె ఉద్యోగం. సెఫీడ్‌లనే ఒక రకం నక్షత్రాల వెలుగు క్రమం తప్పకుండా పెరుగుతూ, తగ్గుతూ ఉంటుంది. ఈ హెచ్చుతగ్గులకు ఎన్ని ఎక్కువ రోజులు పడితే ఆ నక్షత్రం అంత ప్రకాశవంతమైనదని ఆమె 1912లో చూపించింది. అంటే రోజులు లెక్కపెడితే చాలు, అసలు ప్రకాశం తెలిసిపోతుంది. మనకు ఎంత మసకగా కనిపిస్తోందో దానితో పోల్చి చూస్తే దూరం వచ్చేస్తుంది.

1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్ మీదున్న 100 అంగుళాల టెలిస్కోపుతో ఆండ్రోమెడాను ఫొటో తీశాడు. ఆ ప్లేటు మీద కొత్తగా కనిపించిన ఒక చుక్క పక్కన నోవా (ఉన్నట్టుండి వెలిగే నక్షత్రం) అనుకుని ఇంగ్లిష్‌లో 'ఎన్' అని రాసుకున్నాడు. పాత ప్లేట్లతో పోల్చి చూశాక ఆ అక్షరాన్ని కొట్టేశాడు. దాని పక్కన 'వార్!' అని, ఆశ్చర్యార్థకం పెట్టి మరీ రాశాడు. వెలుగు మారే నక్షత్రం అని ఆ పొట్టి మాటకు అర్థం. అది సెఫీడ్. లెక్క కట్టి చూస్తే ఆండ్రోమెడా పాలపుంతకు ఎంతో అవతల ఉంది, అదే ఒక వేరే గెలాక్సీ. ఒక అక్షరం కొట్టివేతతో మనకు తెలిసిన విశ్వం ఎన్నో రెట్లు పెద్దదైపోయింది.

1929లో హబుల్ దూరాలనూ వేగాలనూ పక్కపక్కన పెట్టాడు. ఆ వేగాల్లో ఎక్కువ భాగం స్లైఫర్ కొలిచినవే. గెలాక్సీ ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా మననుంచి దూరమవుతోంది. రెట్టింపు దూరంలో ఉంటే రెట్టింపు వేగం.

రబ్బరు బ్యాండు

ఇది చదివితే మొదట వచ్చే అనుమానం, 'అన్నీ మననుంచే పారిపోతున్నాయంటే మనం మధ్యలో ఉన్నట్టేగా?' అని. ఒక రబ్బరు బ్యాండును కత్తిరించి, పెన్నుతో సెంటీమీటరుకో చుక్క పెట్టి చూడండి. దాన్ని రెట్టింపు పొడవుకు సాగదీయండి. ఏదో ఒక చుక్క మీద మీరున్నారనుకుందాం. పక్క చుక్క ఒక సెంటీమీటరు దూరం నుంచి రెండుకు వెళ్ళింది, అంటే ఒక సెంటీమీటరు జరిగింది. దాని అవతలిది రెండు నుంచి నాలుగుకు వెళ్ళింది, రెండు జరిగింది. మూడోది మూడు నుంచి ఆరుకు, మూడు జరిగింది. పట్టిన సమయం అన్నిటికీ ఒకటే. దూరంగా ఉన్నది ఎక్కువ వేగంగా పోయింది. హబుల్ గీసిన గ్రాఫ్ ఇదే.

ఇప్పుడు వేరే చుక్క మీదికి మారి మళ్ళీ లెక్కపెట్టండి. అక్కడా అదే ఫలితం. ఏ చుక్క మీదున్నవాడికైనా తక్కినవన్నీ తననుంచే దూరమవుతున్నట్టు కనిపిస్తుంది. చుక్కలేవీ బ్యాండు మీద పరిగెత్తలేదు, వాటి మధ్య రబ్బరు సాగింది. విశ్వంలోనూ అంతే. గెలాక్సీలు ఖాళీ స్థలంలోకి దూసుకుపోవడం లేదు. వాటి మధ్యనున్న స్థలమే సాగుతోంది.

ఈ పోలిక ఒక చోట తెగిపోతుంది, అది చెప్పకుండా ముందుకు వెళ్ళకూడదు. బ్యాండుకు రెండు కొసలు ఉన్నాయి, విశ్వానికి అంచు ఉండాల్సిన అవసరం లేదు. కొసలే లేని, ఎంత దూరమైనా పోతూనే ఉండే బ్యాండును ఊహించుకోండి. అది కూడా సాగగలదు. సాగడానికి దానికి బయట చోటు అక్కర్లేదు. చాలామంది ఇక్కడే ఇబ్బంది పడతారు. 'విశ్వం ఒకప్పుడు ఆవగింజంత ఉండేది' అనే వాక్యం ఎన్నోసార్లు వినే ఉంటారు. ఆ వాక్యంలో విశ్వం అంటే మనకు కనిపించగలిగే భాగం మాత్రమే. ఇవాళ అది అన్ని వైపులా సుమారు 4600 కోట్ల కాంతి సంవత్సరాల దూరం దాకా ఉంది. ఆ భాగం ఒకప్పుడు చాలా చిన్న చోట కుదించుకుని ఉండేది, నిజమే. దాని అవతల కూడా అదే సాంద్రతతో, అదే వేడితో విశ్వం ఉంది. మొత్తం విశ్వం అనంతమైతే అప్పుడూ అనంతమే.

ఇంకో సంగతి. స్థలం సాగుతోందంటే మన ఇళ్ళు, భూమి, సౌరకుటుంబం సాగడం లేదు. గురుత్వాకర్షణతోనో, పరమాణువుల మధ్య బలాలతోనో గట్టిగా పట్టుకుని ఉన్న వస్తువులు ఈ సాగుడులో కొట్టుకుపోవు. ఆండ్రోమెడా మనవైపు వస్తున్నది కూడా అందుకే. అది, పాలపుంత ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయి.

వెనక్కి తిప్పినవాళ్ళు

స్థలం సాగగలదని లెక్కల్లో ముందే చెప్పినవాళ్ళున్నారు. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం నుంచి రష్యన్ గణితవేత్త అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ 1922లోనే విస్తరించే విశ్వాన్ని రాబట్టాడు. మూడేళ్ళకే, 37 ఏళ్ళ వయసులో టైఫాయిడ్‌తో చనిపోయాడు. 1927లో బెల్జియం దేశపు జార్జ్ లెమైత్ర్, చర్చి ఫాదరూ భౌతికశాస్త్రవేత్తా అయిన మనిషి, అదే ఫలితానికి సొంతంగా చేరుకుని, గెలాక్సీల వేగాలకు దాన్ని జోడించాడు కూడా. ఆ వ్యాసం ఫ్రెంచిలో, ఎక్కువమంది చదవని పత్రికలో వచ్చింది. ఆ ఏడాదే ఐన్‌స్టీన్‌ను కలిస్తే, లెక్కలు సరిగానే ఉన్నాయి గానీ భౌతికశాస్త్రం మాత్రం ఏమాత్రం బాగాలేదని తేల్చేశాడట. విశ్వం కదలకుండా ఉండాలని ఐన్‌స్టీన్‌కు ఎంత నమ్మకమంటే, 1917లో తన సమీకరణానికి ఒక అదనపు పదాన్ని చేర్చి మరీ దాన్ని నిలబెట్టాడు. హబుల్ కొలతలు వచ్చాక ఆ పదాన్ని వదిలేశాడు.

1931లో లెమైత్ర్ ఇంకో అడుగు వేశాడు. ఇవాళ దూరమవుతున్నవి నిన్న దగ్గరగా ఉండి ఉండాలి. వెనక్కి వెళ్ళేకొద్దీ అంతా దగ్గరవుతుంది, అంతా దట్టమవుతుంది. తొలిరోజున ఒకే ఒక 'ఆదిమ పరమాణువు' ఉండేదని ఆయన ప్రతిపాదించాడు. ఆ మాట అక్షరాలా నిలబడలేదు, ఆలోచన నిలబడింది. 2018లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య హబుల్ నియమాన్ని 'హబుల్–లెమైత్ర్ నియమం' అని పిలవాలని సిఫార్సు చేసింది. నా దృష్టిలో అది చాలా ఆలస్యంగా జరిగిన న్యాయం.

దేన్నైనా కుదిస్తే వేడెక్కుతుంది. సైకిల్ పంపుతో గాలి కొట్టేటప్పుడు గొట్టం వేడెక్కడం అందరికీ అనుభవమే. విశ్వాన్ని వెనక్కి తిప్పినా అంతే, దట్టమయ్యేకొద్దీ వేడి పెరుగుతుంది. మహావిస్ఫోట సిద్ధాంతం అని మనం అనేదాని అసలు సారాంశం ఈ ఒక్క మాటలో ఉంది: విశ్వం ఒకప్పుడు అన్నిచోట్లా చాలా దట్టంగా, చాలా వేడిగా ఉండేది, అప్పటి నుంచి సాగుతూ చల్లారుతోంది. ఎలా మొదలైందన్నది ఆ మాటలో లేదు.

పదహారు కణాల లెక్క

అంత వేడిలో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవాల్సిన పనిలేదు, లెక్క కట్టవచ్చు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త నిదానిస్తాను.

మొదటి సెకను పూర్తయ్యేసరికి ఉష్ణోగ్రత సుమారు 1000 కోట్ల డిగ్రీలు. ఆ వేడిలో పరమాణువులు ఉండవు, వాటి కేంద్రకాలు కూడా ఉండవు. విడి ప్రోటాన్లు, విడి న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు, న్యూట్రినోలు, వీటన్నిటినీ ముంచెత్తే కాంతి కణాలు ఉంటాయి. అప్పటిదాకా ప్రోటాన్లు న్యూట్రాన్లుగా, న్యూట్రాన్లు ప్రోటాన్లుగా మారిపోతూ ఉండేవి. న్యూట్రాన్ కొద్దిగా బరువు ఎక్కువ, తేడా 0.14 శాతమే. కానీ చల్లారేకొద్దీ బరువైనదాన్ని తయారుచేయడం కష్టమవుతుంది కదా, అందువల్ల ప్రోటాన్ల సంఖ్య పెరిగిపోయింది. ఒక సెకను దగ్గర ఈ మార్పిడి ఆగిపోయేసరికి ఆరు ప్రోటాన్లకు ఒక న్యూట్రాన్ చొప్పున మిగిలింది.

ఇక ప్రోటాన్, న్యూట్రాన్ అతుక్కుంటే డ్యుటీరియం, అవి కలిస్తే హీలియం. కానీ వెంటనే కుదరలేదు. ప్రతి ప్రోటాన్‌కో న్యూట్రాన్‌కో సుమారు 160 కోట్ల కాంతి కణాలు ఉన్నాయి. వాటిలో కొద్ది భాగానికే తగినంత శక్తి ఉన్నా చాలు, ఏర్పడిన డ్యుటీరియం ఏర్పడినట్టే విరిగిపోతుంది. ఉష్ణోగ్రత 100 కోట్ల డిగ్రీల దాకా దిగేవరకు, అంటే మూడు నిమిషాల పైచిలుకు, విశ్వం అలా ఎదురుచూడాల్సి వచ్చింది. ఈలోగా న్యూట్రాన్లు ఊరుకోవు. విడిగా ఉన్న న్యూట్రాన్ సగటు ఆయుష్షు 15 నిమిషాల లోపే. కొన్ని ప్రోటాన్లుగా మారిపోయాయి. అడ్డు తొలిగేసరికి నిష్పత్తి ఏడుకు ఒకటి అయింది.

పదహారు కణాలు తీసుకోండి. ఏడుకు ఒకటి చొప్పున వాటిలో 14 ప్రోటాన్లు, 2 న్యూట్రాన్లు. రెండు న్యూట్రాన్లూ రెండు ప్రోటాన్లను పట్టుకుని ఒక హీలియం కేంద్రకం అయ్యాయి. పన్నెండు ప్రోటాన్లు ఒంటరిగా మిగిలాయి, అవే హైడ్రోజన్. పదహారులో నాలుగు హీలియం. అంటే బరువులో నాలుగో వంతు, 25 శాతం.

ఇప్పుడు బయటికి వెళ్ళి కొలవండి. నక్షత్రాలు ఇంకా ఎక్కువగా వంట చేయని గెలాక్సీల్లోని వాయువులో హీలియం ఎంత ఉందో చూస్తే 24–25 శాతం దగ్గర వస్తోంది. ఎక్కడ చూసినా అంతకన్నా తక్కువ కనబడదు. ఇంత హీలియాన్ని నక్షత్రాలు ఇన్నేళ్ళలో తయారుచేయలేవు. న్యూట్రాన్ బరువు, దాని ఆయుష్షు మనం ప్రయోగశాలలో కొలిచినవే. వాటితో 1380 కోట్ల ఏళ్ళ కిందటి మూడు నిమిషాల లెక్క వేస్తే, ఇవాళ్టి ఆకాశంలో సరిపోతోంది. పేలుడు జరిగిందా లేదా అని వాదించుకునేవాళ్ళు ముందు ఈ 25 శాతానికి జవాబు చెప్పాలి.

ఈ వంట ఎక్కువసేపు సాగలేదు. ఐదు కణాలతో గానీ, ఎనిమిది కణాలతో గానీ నిలకడైన కేంద్రకం ప్రకృతిలో లేదు. హీలియం దాటి మెట్టు ఎక్కుదామంటే మెట్టే లేదు. ఇంకో వైపు విశ్వం సాగి చల్లారిపోతోంది. ఏదో లేశమాత్రం లిథియంతో పని ఆగిపోయింది. కార్బన్, ఆక్సిజన్, ఇనుము కోట్ల ఏళ్ళ తర్వాత నక్షత్రాల కడుపులో తయారయ్యాయి. ఆ సంగతిని 1957లో ముగ్గురు సహచరులతో కలిసి వివరంగా రాసినవాడు హాయిల్. బిగ్ బ్యాంగ్‌ను ఒప్పుకోని ఆయనే ఈ కథలో మిగిలిన సగాన్ని పూర్తిచేశాడు.

పొగమంచు విడిన రోజు

తర్వాత మూడు లక్షల ఏళ్ళకు పైగా చెప్పుకోదగ్గ విశేషం లేదు. సాగడం, చల్లారడం. కానీ అప్పుడు విశ్వంలో మీరుంటే ఏమీ కనిపించేది కాదు. విడిగా తిరిగే ఎలక్ట్రాన్లు కాంతిని నాలుగడుగులు కూడా తిన్నగా పోనివ్వవు. దట్టమైన మంచులో హెడ్‌లైట్ వేస్తే వెలుగంతా కళ్ళకే తిరిగి కొట్టినట్టు, కాంతి అక్కడక్కడే చెదిరిపోతూ ఉండేది.

ఎలక్ట్రాన్లు ప్రోటాన్లను పట్టుకుని పరమాణువులైతే మంచు విడుతుంది. అది ఏ ఉష్ణోగ్రతలో జరుగుతుంది? వేడి వాయువులో ఎన్ని పరమాణువులు ముక్కలై ఉంటాయో చెప్పే సమీకరణాన్ని 1920లో మేఘనాద్ సాహా ఇచ్చాడు. నక్షత్రాల వర్ణపటాల కోసం ఆయన రాసిన సమీకరణమే ఇక్కడా తొలి అంచనాకు పనికొస్తుంది. హైడ్రోజన్‌ను విడగొట్టడానికి కావలసిన శక్తిని మాత్రమే చూస్తే లక్ష డిగ్రీల పైనే పరమాణువులు నిలవాలి. కానీ మళ్ళీ ఆ 160 కోట్ల కాంతి కణాలు అడ్డం. 3000 డిగ్రీల దాకా దిగితే గానీ అవి పరమాణువులను బతకనివ్వలేదు. అప్పటికి విశ్వం వయసు సుమారు 3,80,000 ఏళ్ళు. అప్పుడు కాంతి మొదటిసారి అడ్డులేకుండా బయల్దేరింది.

ఆ కాంతి ఎక్కడికీ పోలేదు, పోవడానికి విశ్వానికి బయటంటూ లేదు కదా. స్థలంతో పాటు దాని అలలు కూడా సుమారు 1100 రెట్లు సాగాయి. కంటికి నారింజ రంగులో కనిపించగలిగిన వెలుగు మైక్రోవేవ్‌గా మారింది. అలాంటి వెలుగు మిగిలి ఉండాలని, దాని ఉష్ణోగ్రత పరమశూన్యానికి 5 డిగ్రీలు పైన ఉంటుందని రాల్ఫ్ ఆల్ఫర్, రాబర్ట్ హెర్మన్ 1948లోనే రాశారు. ఎవరూ వెతకలేదు.

1964లో అమెరికాలోని న్యూజెర్సీలో, హోమ్‌డెల్ అనే చోట బెల్ ల్యాబ్స్ వాళ్ళ యాంటెన్నా ఒకటి ఉండేది. 20 అడుగుల నోరున్న పెద్ద కొమ్ము ఆకారం, బెలూన్ ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలు పట్టడానికి కట్టింది. ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ దానితో ఖగోళ పరిశీలనలు చేద్దామని కూర్చున్నారు. ఎంత సరిచేసినా ఒక సన్నటి రొద పోవడం లేదు. న్యూయార్క్ వైపు తిప్పితే పెరగదు, ఆకాశం వైపు తిప్పితే తగ్గదు. పగలూ రాత్రీ ఒకటే. కాలం మారినా ఒకటే. కొమ్ము లోపల రెండు పావురాలు గూడు పెట్టుకుని ఉంటే వాటిని పట్టి దూరంగా పంపించారు, అవి తిరిగొచ్చాయి. లోపల పేరుకున్న రెట్ట అంతా తుడిచారు. రేకుల అతుకుల మీద అల్యూమినియం టేపు అంటించారు. రొద అలాగే ఉంది. ఆ రొదను ఉష్ణోగ్రతగా లెక్క కడితే పరమశూన్యానికి సుమారు 3.5 డిగ్రీలు పైన.

అక్కడికి గంట ప్రయాణమంత దూరంలో ప్రిన్స్‌టన్‌లో రాబర్ట్ డికీ బృందం సరిగ్గా ఇలాంటి మిగులు వెలుగు కోసమే పరికరం కట్టుకుంటోంది. ఫోన్ వచ్చింది. డికీ రిసీవర్ పెట్టేసి, తమకన్నా ముందే వేరేవాళ్ళు పట్టేశారని తన వాళ్ళతో చెప్పాడు. 1965లో రెండు బృందాల వ్యాసాలూ పక్కపక్కన అచ్చయ్యాయి. పెంజియాస్, విల్సన్‌లకు 1978లో నోబెల్ వచ్చింది. ఆల్ఫర్, హెర్మన్‌ల 1948 నాటి అంచనా ప్రస్తావన ఆ తొలి వ్యాసాల్లో లేదు. 1948లో కాగితం మీద అంత స్పష్టంగా రాసినవాళ్ళను మరిచిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే అనిపిస్తుంది. లెమైత్ర్‌కు మాత్రం ఆ వార్త అందింది. 1966 జూన్‌లో, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, ఒక సహచరుడు వచ్చి ఆయనకు చెప్పాడు.

1989 నవంబరులో పంపిన కోబ్ ఉపగ్రహం ఈ వెలుగును జాగ్రత్తగా కొలిచింది. 1990 జనవరిలో జాన్ మాథర్ ఆ గ్రాఫ్‌ను ఖగోళవేత్తల సభలో తెరమీద వేశాడు. సిద్ధాంతం చెప్పిన గీత మీద కొలిచిన చుక్కలు ఒక్కటి కూడా పక్కకు పోకుండా కూర్చున్నాయి. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఉష్ణోగ్రత 2.7 డిగ్రీలు. 1992లో అదే ఉపగ్రహం ఆ వెలుగులో లక్షలో ఒక వంతు హెచ్చుతగ్గులను చూపించింది. కాస్త దట్టంగా ఉన్న ఆ చోట్లే తర్వాత పదార్థాన్ని లాక్కుని గెలాక్సీలయ్యాయి.

మొదటి సెకనుకు ముందు

ఇక్కడిదాకా చెప్పింది గట్టి నేల. ఇంకా వెనక్కి వెళ్ళేకొద్దీ అది మెత్తబడుతుంది. సెకనులో కొన్ని లక్షల వంతుల దాకా మన దగ్గర ప్రయోగాలున్నాయి. పెద్ద కేంద్రకాలను దాదాపు కాంతి వేగంతో ఢీకొట్టించి, ప్రోటాన్లు కరిగిపోయి, వాటి లోపలి కణాలైన క్వార్కుల ద్రవంగా మారే స్థితిని శాస్త్రవేత్తలు నిజంగానే తయారుచేస్తున్నారు. దానికి బాగా ముందు ఏం జరిగిందన్నదానికి ఆధారాలు పరోక్షమైనవే.

అక్కడ ఒక చిక్కుంది. ఆ మైక్రోవేవ్ వెలుగు ఆకాశంలో ఈ కొస నుంచీ ఆ కొస నుంచీ ఒకే ఉష్ణోగ్రతతో వస్తోంది. కానీ మంచు విడేనాటికి ఒకదానితో ఒకటి ఏ రకంగానైనా సంబంధం కలిగి ఉండగలిగిన ప్రాంతాలు ఇవాళ్టి ఆకాశంలో ఒకటి రెండు డిగ్రీల మేర మాత్రమే. ఒకరినొకరు ఎన్నడూ చూడని, ఫోన్లో కూడా మాట్లాడుకోని వేలమంది విద్యార్థులు ఒకే జవాబును ఒకే తప్పుతో సహా రాసినట్టు ఉంది ఇది. ఎక్కడో కలిసి ఉండాలి.

1979 డిసెంబరులో అలన్ గూత్ ఒక దారి కనిపెట్టాడు. ఆయన చెప్పిందాన్ని ఇన్‌ఫ్లేషన్ అంటారు. తెలుగులో ద్రవ్యోల్బణం అంటే ధరల సంగతి అయిపోతుంది కాబట్టి ఆ మాటనే వాడుకుందాం. దశాంశ బిందువు తర్వాత 30కి పైగా సున్నాలు పెడితే గానీ రాయలేనంత చిన్న క్షణంలో స్థలం కనీసం ఒకటి పక్కన 26 సున్నాలన్ని రెట్లు సాగిందని ప్రతిపాదన. అంతకుముందు పక్కపక్కనే ఉండి ఒకే వేడికి వచ్చిన చోట్లు ఒక్కసారిగా దూరాలకు విసిరేసినట్టయ్యాయి. అణువుకన్నా చిన్న స్థాయిలో ఎప్పుడూ ఉండే క్వాంటం అలజడి కూడా దానితో పాటే సాగి, తర్వాత కోబ్ చూసిన ఆ లక్షలో ఒక వంతు హెచ్చుతగ్గులైంది. గూత్ మొదటి రూపంలో లోపాలుంటే ఆండ్రే లిండే లాంటివాళ్ళు సరిదిద్దారు. ఆ హెచ్చుతగ్గుల తీరు ఎలా ఉండాలని ఇన్‌ఫ్లేషన్ చెబుతుందో, అదే మైక్రోవేవ్ వెలుగును కోబ్ తర్వాత కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం చాలావరకు అలాగే కొలిచింది.

అయినా దీన్ని హీలియం లెక్కతో సమానంగా కూర్చోబెట్టకూడదు. 2014 మార్చిలో దక్షిణ ధ్రువం దగ్గరి బైసెప్2 టెలిస్కోపు బృందం, ఇన్‌ఫ్లేషన్ నాటి గురుత్వ తరంగాల, అంటే స్థలంలోనే పుట్టే అలల జాడ దొరికిందని ప్రకటించింది. ప్రపంచమంతా సంబరపడింది. ఏడాది తిరగకుండానే ప్లాంక్ కొలతలతో కలిపి చూస్తే, ఆ జాడలో ఎక్కువ భాగం మన పాలపుంతలోని ధూళిదేనని తేలింది. ఆ జాడ కోసం వెతుకులాట ఇంకా నడుస్తోంది.

ఇంకా వెనక్కి, సున్నా దగ్గరికి వెళితే సాపేక్ష సిద్ధాంతం సమీకరణాల్లో సాంద్రత అనంతం అని వస్తుంది. చాలామంది దీన్నే 'విశ్వం ఒక బిందువు నుంచి పుట్టింది' అని చదువుకుంటారు. భౌతికశాస్త్రవేత్తలు దాన్ని అలా చదవరు. లెక్కలో అనంతం వచ్చిందంటే ఆ సిద్ధాంతం పని అక్కడితో అయిపోయిందని అర్థం. అక్కడ గురుత్వాకర్షణనూ క్వాంటం నియమాలనూ కలిపి చెప్పే సిద్ధాంతం కావాలి, అది ఇంకా చేతికి రాలేదు. కాలమే అక్కడ మొదలైందని కొందరు, అంతకుముందు కుదించుకుపోతున్న విశ్వం ఉండేదని ఇంకొందరు లెక్కలు వేస్తున్నారు. కాబట్టి బిగ్ బ్యాంగ్ అనే పేరును ఎవరైనా వాడినప్పుడు ఏ అర్థంలో వాడుతున్నారో చూసుకోవాలి. వేడి విశ్వం చల్లారిన కథ అయితే దానికి సాక్ష్యం ఉంది. పుట్టిన క్షణం అయితే లేదు.

సాక్ష్యం ఉన్న కథలోనూ ముడులున్నాయి. ఇప్పుడు విశ్వం ఎంత వేగంగా సాగుతోందో మైక్రోవేవ్ వెలుగు నుంచి లెక్క కడితే ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాలకు సెకనుకు 67.4 కిలోమీటర్లు వస్తోంది. లీవిట్ సెఫీడ్‌లతో, సూపర్‌నోవాలనే పేలిపోయే నక్షత్రాలతో నేరుగా కొలిస్తే 73 దగ్గర వస్తోంది. హబుల్ 1929లో 500 అన్నప్పుడు దాని ప్రకారం విశ్వం వయసు 200 కోట్ల ఏళ్ళే తేలి, భూమి మీది రాళ్ళకన్నా విశ్వమే చిన్నదయ్యే ఇబ్బంది వచ్చింది. దూరాల కొలత సరిదిద్దుకోవడంతో అది తీరింది. ఈసారి కొలతల్లో పొరపాటుందా, మనకు తెలియని భౌతికశాస్త్రం ఉందా అన్నది తేలాల్సి ఉంది.

మరి అది ఎక్కడ జరిగింది? ఇవాళ మన యాంటెన్నాలకు చేరుతున్న ఆ పాత వెలుగు బయల్దేరినప్పుడు, అది బయల్దేరిన చోటు ఇక్కడికి సుమారు 4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. దారి సాగుతూ పోవడం వల్ల రావడానికి 1380 కోట్ల ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఆ చోట మంచు లేదు. అక్కడా మన చుట్టూ ఉన్నలాంటి గెలాక్సీలే ఉండి ఉంటాయి. అదే రోజు ఇక్కడి నుంచి, మనం ఇప్పుడున్న ఈ చోటు నుంచి కూడా అలాంటి వెలుగే బయల్దేరింది. అక్కడ ఎవరైనా యాంటెన్నా పెట్టుకుని కూర్చుంటే, వాళ్ళకు సన్నటి రొదగా ఇవాళ వినిపిస్తున్నది అదే. రేపు మనకు చేరే వెలుగు ఇవాళ్టి కొలతలో ఇంకో కాంతి దినమంత అవతలి చోటు నుంచి వస్తుంది.